పిన్నిగారు అడగమన్నారు

ఉగాదికి ముందు ఆదివారం అలమారా సర్దుతుంటే అడుగునుంచి ఎర్రటి కలంకారీ దుప్పటి ఒకటి బయటపడింది. ముడతలు పోతాయని కాస్త నీళ్ళు చిలకరించి ఇస్త్రీపెట్టె ఆనించానో లేదో, గుప్పున కరక్కాయ వాసన లేచింది. దాని వెనకే పచ్చి గేదెపాల వాసన, ఆ వెనక ఎక్కడో తుప్పుపట్టిన ఇనుము వాసన. అద్దకం బట్ట వాసన ఎరిగినవాళ్ళకి చెప్పనక్కరలేదు, ఎరగనివాళ్ళకి చెప్పినా తెలియదు. పక్కగదిలోంచి మా అమ్మాయి ముక్కు పట్టుకుని వచ్చి, "మమ్మా, దస్ స్టింక్ట్!" అని కిటికీ తెరిచి పోయింది. దానికి తొమ్మిదేళ్ళు, తెలుగులో అడిగినా జర్మన్‌లోనే జవాబు చెబుతుంది. కంపు కాదే తల్లీ, ఇది రత్నం పిన్నిగారి ఇంటి వాసన అని చెబుదామనుకున్నాను. చెబితే ఆవిడెవరని అడుగుతుంది. ఇస్త్రీపెట్టె తీగ పీకేసి, తడి దుప్పటిలో మొహం పెట్టుకుని చాలాసేపు కూర్చుండిపోయాను. పిన్నిగారు పోయి ఏడాదయింది. ఇంత దగ్గరగా మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

నెల క్రితం దాకా హైడెల్‌బర్గ్‌లో ఏ తెలుగువాళ్ళనైనా శేషారత్నం గారెవరని అడిగి ఉంటే, "ఓ, ఆవిడా! దొంగ రివ్యూలు రాయించి కొట్టు మూయించుకున్నావిడ కదూ!" అని ఉండేవాళ్ళు. ఆమెను ఒక్కసారైనా చూడని కుర్రవాళ్ళు కూడా ఆ మాటే అనేవాళ్ళు. ఆన్‌లైన్‌లో ఏదైనా అమ్ముదామని మొదలుపెట్టిన ప్రతివాళ్ళకీ ఆమె కథ ఒక హెచ్చరికగా చెప్పేవాళ్ళు. ఆ మాట అబద్ధం. అబద్ధమని నాకెలా తెలుసంటే, అది పుట్టింది నా ఫోన్లో. మీరు ఆమెను చూడలేదు, ఇక చూడలేరు. అందుకని మొదటినుంచీ చెబుతాను.

మాది వరంగల్. పెళ్ళయి ఇక్కడికి వచ్చిన నాలుగో ఏడు అది. మా ఆయన సాఫ్ట్‌వేర్ ఆఫీసుకీ, పిల్ల కీటా అనే పసిపిల్లల బడికీ వెళ్ళిపోతే పొద్దంతా నేనూ ఫోనూ మిగిలేవాళ్ళం. ఎమ్మెస్సీ చదివానన్న మాటే గానీ, ఈ దేశంలో రొట్టెల దుకాణంలో వేలు పెట్టి చూపించడం తప్ప నోరు తెరిచింది లేదు. అలా ఒకరోజు ఫోన్లోనే ఒక కలంకారీ టేబుల్ గుడ్డ కొన్నాను. రెండోవారం ఉతికితే మా ఆయన తెల్లచొక్కాలు మూడు గులాబీరంగుకి తిరిగాయి. అమ్మినవాళ్ళ చిరునామా చూస్తే ఇక్కడే, ఈ ఊళ్ళోనే, రెండు బస్‌స్టాపుల అవతల. ఇంకేం, చొక్కాలు సంచిలో కుక్కుకుని పోట్లాటకి బయల్దేరాను. తలుపు తీసినావిడకి అరవై దాటి ఉంటాయి. ముతక నూలుచీర, పైన ఉన్ని స్వెట్టరు, మెడలో దారానికి కట్టిన భూతద్దం.

"ఏందండీ ఇది? మూడు అంగీలు ఖరాబైనయ్. అమ్మేటప్పుడు చెప్పొద్దా?" అన్నాను, చొక్కాలు దులిపి చూపిస్తూ.

"తెలుగమ్మాయివా! ముందు లోపలికి రా. చలిలో నిలబడి పోట్లాడితే గొంతు పోతుంది" అంది ఆవిడ. లోపల నన్ను కూర్చోబెట్టి, ఏ ఊరో అడిగి, కంప్యూటర్ తెరిచి, నేను కొన్న గుడ్డ పేజీ చూపించింది. బొమ్మ కిందే, లావుపాటి అక్షరాల్లో మూడు లైన్లు: మొదటి మూడు ఉతుకుల దాకా ఈ బట్ట రంగు వదులుతుంది. చన్నీళ్ళలో విడిగా ఉతకండి. తెల్లబట్టలతో కలిపితే అవి పాడవుతాయి. "ఇంతింత అక్షరాలు కనపళ్ళేదా? మీ వరంగల్లో చదువు చెప్పరా ఏంటి?"

"చదువు చెప్తరు గానీ, కొనేటప్పుడు ఎవరు చదువుతరండీ? బొమ్మ చూస్తరు, రివ్యూల చుక్కలు చూస్తరు, కొంటరు."

ఆవిడ నన్ను కాసేపు తేరిపార చూసి, పకపకా నవ్వింది. "నిజం చెప్పావు. ఈ సంతలో జనం ఎలా కొంటారో తెలిసిన మనిషి నాకు కావాలి. రేపటినుంచి పనికి వస్తావా?" అంది. పోట్లాటకి వెళ్ళినదాన్ని ఉద్యోగంతో తిరిగొచ్చాను. ఆన్‌లైన్‌లో అమ్మే ఆ పెద్ద సైట్‌ని ఆమె ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు, సంత అనే అనేది. నేను మొదటిరోజు ఆంటీ అంటే, "మా పెడనలో ఆంటీలు లేరు, పిన్నీ అను" అంది. అలా ఆమె నాకు పిన్నిగారయింది.

భర్త ఇక్కడి పరిశోధనాలయంలో పనిచేసేవారట. ఆయన పోయాక కూడా ఆమె ఇక్కడే ఉండిపోయి, పుట్టినూరు పెడన నుంచి చేతి అద్దకం బట్టలు తెప్పించి అమ్మేది. పిల్లలు లేరు. ఇంటి ముందుగదే కొట్టు. కిటికీ దగ్గర పొడుగాటి బల్ల, దానిమీద వచ్చిన ప్రతి బట్టనీ పరిచి, భూతద్దంతో ఈ చివరినుంచి ఆ చివరికి చూసేది. ఆ చూపు చూసినప్పుడల్లా ఇంట్లో పసిపిల్లకి ఒంటిమీద దద్దుర్లేమైనా లేచాయా అని వెతుకుతున్నట్లుండేది. ప్రతి బట్టకీ నాలుగు అందమైన ఫొటోలు, ఐదోది మాత్రం మచ్చ ఫొటో. అచ్చు కాస్త పక్కకి జరిగిన చోటో, రంగు చిందిన చోటో, దాని పక్కన తన చూపుడువేలు పెట్టి తీయించేది. వేలు ఎందుకంటే మచ్చ ఎంతుందో కొనేవాళ్ళకి తెలియాలట. ఒకసారి ఒక పెద్ద దుప్పటి మూల, అద్దకం వేసినతని బొటనవేలి ముద్ర నల్లగా పడి ఉంది. మిగతా బట్ట చూస్తే కళ్ళు చెదిరేలా ఉంది.

"మూల మడిచి తీస్తె కనపడదు పిన్నిగారూ" అన్నాను.

"మడత వాళ్ళింట్లో విప్పుతారు కదే. అప్పుడు నువ్వూ నేనూ అక్కడ ఉండం."

"అందరు గట్లనే అమ్ముతున్నరు. మనకెందుకు ఇంత సత్యహరిశ్చంద్రుని కథ?"

"పెళ్ళిచూపులకి పౌడరు రాయచ్చు. అక్కని చూపించి చెల్లిని కట్టబెట్టకూడదు. వేలు పెడుతున్నాను, తియ్యి" అంది. తీశాను. ఆ దుప్పటిని మ్యూనిక్‌లో ఎవరో, ఆ వేలిముద్ర ఉందనే ముచ్చటపడి కొనుక్కున్నారు.

చుక్కలు పెట్టమని మాత్రం ఎవరినీ అడగనిచ్చేది కాదు. "అడిగి పొగిడించుకోవడం నాకు చేతకాదే. చిన్నప్పుడు పాట పాడి చప్పట్లు కొట్టండని అడిగితే, మా నాన్న వీపు మీద కొట్టాడు" అనేది. పదకొండింటికి పని ఆపి, బయట మంచు పడుతున్నా సరే కిటికీలు బార్లా తెరిచేది. స్టీలు గ్లాసులో కాఫీ పోసి, నా చేత ఆనాటి ఉత్తరాలు జర్మన్‌లో పైకి చదివించేది. తప్పు చదివితే సరిచేసేది కాదు, మళ్ళీ చదవమనేది. రెండేళ్ళలో ఆ బల్ల దగ్గరే నాకు జర్మన్ వచ్చింది. డాక్టరు దగ్గర టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, తీసుకోవడం, కీటా టీచరుతో మొహమాటం లేకుండా మాట్లాడటం, ఇంటి ఓనరు అన్యాయంగా ఉత్తరం రాస్తే మర్యాదగా తిప్పి రాయడం, అన్నీ అక్కడే. ఇప్పుడు నాకు సొంత కుట్టుపని ఉంది, తరగతులు కూడా చెబుతున్నాను. కానీ నిజం చెబుతున్నాను, ఆ చలిగాలిలో ఆమె ఎదురుగా కూర్చుని తప్పులు చదివిన పదకొండు గంటల కాఫీ కోసం ఈ మొత్తం ఇచ్చెయ్యమన్నా ఇచ్చేస్తాను.

మూడో ఏడు బేరాలు పడిపోయాయి. సంతలోకి ఎవరో కొత్తగా వచ్చారు. మిషను మీద గుద్దిన బట్టని చేతి అద్దకమని అమ్మేవాళ్ళు, ధర మాదాంట్లో సగం, చుక్కలు చూస్తే వందల్లో. పిన్నిగారు ఒకటి తెప్పించి, ముక్కు దగ్గర పెట్టుకుని, "చెప్పులకొట్టు వాసన వస్తోంది" అని పక్కన పడేసింది. పడేసింది గానీ, ఆ తర్వాత పెడన నుంచి అద్దకం పెద్దాయన ఫోన్ చేసి "ఈ నెల ఎన్ని పంపమంటారమ్మా?" అని అడిగినప్పుడల్లా ఆమె గొంతు తగ్గిపోయేది. ఆయన ఇంట్లో నలుగురు ఆ పని మీదే బతుకుతున్నారు. ఒకరోజు బల్ల తుడుస్తూ, "ఎండలొచ్చేదాకా చూద్దాం అమ్మాయ్. అప్పటికీ ఇంతే అయితే కొట్టు కట్టేద్దాం" అంది, రేపు వాన పడుతుందేమో అన్నంత మామూలుగా.  ఈ దేశంలో నన్ను ఫలానా వాళ్ళ భార్యగా కాక స్వరూపగా పిలిచే చోటు అదొక్కటే. ఎలాగైనా నిలబెట్టాలనుకున్నాను.

ఆ నెలలోనే ఆమెకి కంటి ఆపరేషన్ అయింది. రెండు వారాలు తెరవైపు చూడకూడదన్నారు. "అంతా నీదే, జాగ్రత్త" అని పాస్‌వర్డ్ రాసిన కాగితం నా చేతిలో పెట్టింది. మా ఊరి తెలుగువాళ్ళకి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. పాత సోఫా కావాలన్నా, గది ఖాళీ ఉందన్నా, జ్వరానికి ఏ మందు వేసుకోవాలన్నా అందులోనే అడుగుతాం. అంతకు ముందు నెల గ్రూపులో సుగుణ గారనే ఆవిడ ఇంట్లో పెట్టిన ఆవకాయ ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెడితే, రుచి చూసినవాళ్ళూ చూడనివాళ్ళూ అందరం అయిదేసి చుక్కలు పెట్టి నాలుగు మంచి మాటలు రాశాం. తప్పని ఒక్కరికీ తోచలేదు. పేరంటానికి పిలిస్తే వెళ్ళమా, పసుపు రాయించుకుని రామా, ఇదీ అంతే అనుకున్నాం. మనవాళ్ళకి మనం కాకపోతే ఎవరు చేస్తారు?

నేనూ అడుగుదామని మొదలుపెట్టాను. రెండు లైన్లు టైప్ చేసి చెరిపేశాను. నేనడిగితే ఎంతమంది రాస్తారు? పిన్నిగారంటే వేరు. ఈ ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళని వెంటబెట్టుకుని అన్మెల్డుంగ్, అంటే చిరునామా నమోదు, చేయించింది ఆమె, పురుడు పోసుకున్నవాళ్ళకి పథ్యం వండి బస్సులో మోసుకెళ్ళింది ఆమె. అందుకని ఇలా రాశాను: "రత్నం పిన్నిగారు అడగమన్నారు. ఆవిడ కొట్టుకి తలా ఒక మంచి రివ్యూ రాసిపెట్టండి." పొద్దుగూకేలోపు ముప్పై దాకా వచ్చిపడ్డాయి. జర్మన్ రానివాళ్ళకి నేనే రాసి పంపాను. 'తెల్లబట్టలతో కలిపి ఉతికాను, చుక్క రంగు దిగలేదు' అన్నది నా రచనే. ఆ ఊపులోనే పేజీల్లోంచి ఆ మూడు లైన్లూ తీసేశాను. అవి చూసే జనం పారిపోతున్నారని నా నమ్మకం. మూడు చొక్కాలు పోగొట్టుకుని పోట్లాటకి వెళ్ళిన మనిషినే, ఆ లైన్లు చెరిపేశాను.

మర్నాటినుంచి బేరాలు రావడం మొదలైంది. ఎర్ర దుప్పట్లయితే పెట్టెలు కట్టలేక చేతులు పడిపోయాయి. పిన్నిగారు నల్లకళ్ళద్దాలతో కొట్లోకి వచ్చేసరికి అరలు సగం ఖాళీ. ఆమె సంతోషం చూడాలి! వెంటనే పెడనకి ఫోన్ చేసి, "పెద్దాయనా, ఎన్నుంటే అన్నీ పంపు" అంది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. తర్వాత తీరిగ్గా కూర్చుని, భూతద్దం పట్టుకుని, కంప్యూటర్ తెరిచింది. కాసేపటికి పిలిచింది.

"అమ్మాయ్, మన దుప్పటిని ఎవరో తిన్నారే."

"ఏంది పిన్నిగారూ?"

"'చాలా రుచిగా ఉంది. ఇంటిల్లిపాదీ లొట్టలేసుకుంటూ తిన్నాం. కారం కాస్త తగ్గితే పిల్లలు కూడా తినచ్చు.' అయిదు చుక్కలు."

ఎవరో విద్యార్థి మహానుభావుడు, కిందటి నెల ఆవకాయకి రాసినదాన్నే ఎత్తి దుప్పటి కింద అతికించాడు. నాకు నవ్వాగలేదు. ఆమె కూడా నవ్వింది, ఆపరేషన్ అయిన కంట్లోంచి నీరు కారేదాకా నవ్వింది. తర్వాత ఒక్కొక్కటే చదువుకుంటూ పోయింది. అన్నీ ఒకే సాయంత్రం, అందరివీ మన పేర్లే. నవ్వు ఆగిపోయింది.

"నువ్వు అడిగావా?"

"ఆఁ. మనోళ్ళే కదా పిన్నిగారూ, ప్రేమతోని రాసిన్రు."

"నా పేరు చెప్పావా?"

నేను పెట్టెలు సర్దడంలో పడ్డాను. ఆమె కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "రేపు ఒక్కొక్కళ్ళకీ ఫోన్ చేసి తీయించెయ్యి. ఇంకేమైనా చేశావా?"

"లేదు పిన్నిగారూ" అన్నాను. ఆ లేదు అన్నది నా నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది. ఆమె వంటింట్లోకి వెళ్ళగానే ఆ మూడు లైన్లూ యథాస్థానంలో పెట్టేశాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్లు, ఇక ఎవరికీ తెలియదని నిబ్బరంగా ఉన్నాను. ఫోన్లు కూడా రేపు రేపంటూ రెండు రోజులు జరిపాను. మూడోరోజు ఉత్తరం వచ్చింది.

రైల్లో గంట దూరంలో ఉన్న చిన్న ఊరినుంచి ఫ్రావు కెల్లర్ అనే ఆవిడ రాసింది. మనవరాలి ఉయ్యాలకని ఎర్ర దుప్పటి కొన్నదట. బిడ్డకి బాప్టిజం దగ్గర పడుతోందని, ఇంట్లో తరాలుగా వస్తున్న తెల్లగౌనుని దుప్పటితో కలిపి ఉతికిందట. తిట్టు ఒక్కటీ లేదు. తను కొన్ననాటి పేజీని కాగితం మీద అచ్చు తీసి జతచేసింది, అంతే. ఆ కాగితం మీద మూడు లైన్లు ఉండవలసిన చోట తెల్లగా ఉంది. పిన్నిగారు కాగితాన్ని చూసింది, తెరమీద పేజీని చూసింది, నన్ను చూసింది.  "కోటు వేసుకో" అంది.

ఫ్రావు కెల్లర్ పిన్నిగారి ఈడు మనిషే. గౌనుని భోజనాల బల్ల మీద తువ్వాలు పరిచి పడుకోబెట్టింది. చిట్టి చేతులు, మెడ చుట్టూ చేత్తో అల్లిన లేసు, ఒళ్ళంతా మాసికల్లా గులాబీరంగు. "మా అమ్మమ్మ కుట్టింది. ఇది వేసుకుని మా అమ్మ, నేను, నా కొడుకు చర్చికి వెళ్ళాం. ఈ ఆదివారం మనవరాలు" అంది. పిన్నిగారు గౌనుని రెండు చేతుల మీద ఎత్తుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. భూతద్దం పెట్టి లేసు ఒక్కొక్క కన్నూ చూసింది. ఆవిడా నేనూ ఆమె మొహంలోకే చూస్తున్నాం. రంగుల ఊళ్ళో పుట్టిన మనిషి, ఏదో ఒక కిటుకు తెలిసే ఉంటుందని నా ఆశ.

"ఇది పోదు" అంది పిన్నిగారు జర్మన్‌లో, నెమ్మదిగా. "పోగొట్టే మందు ఉంది. అది లేసుని కూడా తినేస్తుంది. పోతుందని మీకు అబద్ధం చెప్పలేను."

ఫ్రావు కెల్లర్ తల ఊపింది. "నేను అడిగే కొన్నాను. అంటే, చదివాను. ఒకావిడ తెల్లబట్టలతో ఉతికానని రాసింది. ఆవిడని నమ్మాను."

"ఆవిడ లేదు. ఆ మాట నా కొట్టులోనే తయారైంది."

"మీరు రాశారా?" అంది ఫ్రావు కెల్లర్. నేను కుర్చీ అంచున కూర్చుని ఉన్నాను. నోరు తెరవడానికి అంతకంటే మంచి సమయం నా జీవితంలో మళ్ళీ రాలేదు. తెరవలేదు. పిన్నిగారు నావైపు తిరగను కూడా తిరగలేదు. "కొట్టు నాది. నేనే" అంది. ఇంకో దుప్పటి ఇస్తామన్నా, డబ్బు తిరిగి ఇస్తామన్నా ఆవిడ తీసుకోలేదు. దుప్పటిని మాత్రం తీసుకుపొమ్మంది, ఇంట్లో చూడలేనంది. మొన్న నేను ఇస్త్రీ చేయబోయింది అదే.

తిరుగు రైల్లో నేను వెక్కి వెక్కి ఏడుస్తుంటే, "టికెట్లు చూసేవాడు వస్తున్నాడు, మనం దొంగటికెట్టు అనుకుంటాడు, ఆపు" అంది. ఆ మాటకి ఏడుపులోనే నవ్వొచ్చింది. అప్పుడు చెప్పింది, సంతవాళ్ళకి అంతా రాసేస్తానని.

"రాస్తె కొట్టు మూసేస్తరు పిన్నిగారూ! మీ కాళ్ళు మొక్కుత. పెడనల వాళ్ళేం గావాలె?"

"ఇప్పుడు గుర్తొచ్చారా వాళ్ళు?" అంది. ఆమె నన్ను కసిరిన మాట మొత్తం మీద అదొక్కటే. తర్వాత గొంతు తగ్గించి, "ఇంకా ఎన్ని ఇళ్ళల్లో ఆ దుప్పట్లు వాషింగ్ మెషీన్ దగ్గర పెట్టి ఉన్నాయో! వాళ్ళకి ముందు చెప్పాలి కదే" అంది. ఇంటికి వెళ్ళి, ఆ రెండు వారాల్లో కొన్న ప్రతివాళ్ళకీ రాసింది. తర్వాత సంతవాళ్ళకి రాసింది. వారం తిరక్కుండా కొట్టు మూసేశారు. మళ్ళీ తెరవడానికి వీల్లేదన్నారు.

అక్కడితో అయిపోతే బాగుండేది. రివ్యూలు రాసిన మనవాళ్ళందరి ఖాతాలూ ఆపేశారు. ఆ మనుషులే ఆవకాయకీ రాశారు కాబట్టి సుగుణ గారి కొట్టు కూడా పోయింది. ఊరంతా భగ్గుమంది. ముసలావిడ మనందర్నీ వాడుకుని, చివరికి మనల్నే పట్టించిందన్నారు. నన్ను మాత్రం ఎవరూ ఒక్క మాట అనలేదు. పైగా ఓదార్చారు. "పాపం, పనిచేసేచోట పెద్దావిడ చెబితే నువ్వేం చేస్తావులే" అన్నారు. నేను తల వంచుకున్నాను. తల వంచుకుంటే అవునన్నట్టేనని నాకు తెలియక కాదు. మా ఆయనకి అంతా తెలుసు. "ఎందుకు ఇప్పుడు గెలుక్కునుడు? నాలుగు రోజులైతే అందరు మర్చిపోతరు" అన్నాడు.

వారం తర్వాత పిన్నిగారి దగ్గరికి వెళ్ళి, "చేసింది నేనని గ్రూపులో చెప్త పిన్నిగారూ" అన్నాను. ఆమె ఖాళీ అరలు తుడుస్తోంది. "నువ్వు ఈ ఊళ్ళో ఇంకా చాన్నాళ్ళు బతకాలి. నీ పిల్ల ఈ పిల్లలతోనే ఆడుకోవాలి. నాకేముందే, పొద్దువాలిన మనిషిని. చెప్పమని నేను అనను. వద్దని కూడా అనను. అది నీ ఇష్టం" అంది. ఆమె అన్నవి రెండు మాటలు. నేను నాకు కావలసిన ఒక్కటే విని, గుండె తేలికపడి ఇంటికి వచ్చేశాను. తేలికపడిందని రాస్తుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను, కానీ ఆ రోజు నిజంగా తేలికపడింది.

ఆ తర్వాత రెండేళ్ళు ఆమె ఇక్కడే ఉంది. పెడన పెద్దాయనకి తనే నలుగురికి ఫోన్లు చేసి హైదరాబాదులో ఒక దుకాణం కుదిర్చింది. ఆసుపత్రుల్లో మనవాళ్ళ మాట డాక్టర్లకీ, డాక్టర్ల మాట మనవాళ్ళకీ చెప్పే పని చేసుకుంది. పండగలకి ఎవరూ పిలవలేదు. నేను వెళ్ళేదాన్ని, మొదట్లో వారానికోసారి, తర్వాత నెలకోసారి. వెళ్ళినప్పుడల్లా ఆమె ఏమీ జరగనట్టే నా చేత జర్మన్ చదివించేది, నా కుట్టు విప్పించి మళ్ళీ కుట్టించేది. తర్వాత తమ్ముడి దగ్గరికని పెడన వెళ్ళిపోయింది. ఫోన్ చేస్తే మా అమ్మాయి సంగతి, వానల సంగతి, ఆ సంగతి తప్ప అన్నీ మాట్లాడేది. పోయిన ఏడు తమ్ముడుగారు ఫోన్ చేసి నిద్రలోనే పోయిందని చెప్పారు. గ్రూపులో ఆ వార్త నేనే పెట్టాను. చేతులు జోడించిన బొమ్మలు నాలుగు వచ్చాయి. పథ్యం తిన్నవాళ్ళే అంతకు పదింతలున్నారు ఆ గ్రూపులో.

మొన్న ఉగాదికి అందరం హాలు తీసుకుని, తలా ఒక వంట చేసుకుని కలిశాం. కొత్తగా వచ్చిన ఒకమ్మాయి మట్టి గాజులు, పూసల గొలుసులు ఆన్‌లైన్‌లో పెట్టానని, అందరూ కాస్త రివ్యూలు రాసిపెట్టమని అడిగింది. "జాగ్రత్తమ్మోయ్, మా రత్నం గారిలా అయిపోతావ్" అన్నారెవరో. అందరూ నవ్వారు. ఆ నవ్వు నేను అయిదారేళ్ళుగా వింటున్నదే, నేనూ పెదవులు కదిపి నవ్వినదే. ఆ రోజు మాత్రం నా చేతులకి ఇంకా కరక్కాయ వాసన ఉన్నట్టే అనిపించింది. పళ్ళెం కింద పెట్టి లేచి నిలబడ్డాను. "పిన్నిగారు అడగమనలేదు. ఆవిడ కంటికి కట్టు కట్టుకుని ఇంట్లో పడుకుని ఉన్నది. ఆవిడ పేరు పెట్టి రాసింది నేను. పేజీలో మాటలు చెరిపింది నేను. తెలిసినంక ఆవిడ చేసిందల్లా నిజం చెప్పుడు" అన్నాను. ఇంకా ఏదో చెప్పాను, ఆ చిన్న గౌను గురించి కూడా. మా ఆయన పళ్ళెంలోకి చూస్తూ ఉండిపోయాడు. సుగుణ గారు గరిటె పక్కన పెట్టి, "ఇన్నేళ్ళా స్వరూపా?" అంది. ఆమె ఆ రెండేళ్ళూ ఎదురింట్లోనే ఉండి పిన్నిగారితో మాట్లాడలేదు.  ఆమె కుర్చీలో కూర్చుని కొంగుతో మొహం కప్పుకుంది.

తరగతులకి వచ్చేవాళ్ళలో ముగ్గురు మానేశారు. మా అమ్మాయిని ఒక పుట్టినరోజుకి పిలవలేదు. ఎందుకు పిలవలేదని అది "వరుమ్?" అంటూ అడిగితే, కూర్చోబెట్టి, తెలుగులోనే, అంతా చెప్పాను. నిన్న సాయంత్రం ఇండియన్ షాపులో కరివేపాకు దగ్గర ఇద్దరు మాట్లాడుకుంటూ, నన్ను చూసి ఆపేశారు. ఒకావిడ బెండకాయలు ఏరుకోవడంలో పడింది. ఇంకొకావిడ అటు తిరిగింది. నాకు కావలసినవి తీసుకుని, లైన్లో నిలబడి, ఎవరి పలకరింపూ లేకుండా బయటికి వచ్చాను. మెడ వెనక వాళ్ళ చూపులు తగులుతూనే ఉన్నాయి. నాకిది మూడో వారం, ఇప్పటికే ఆ షాపుకి వెళ్ళాలంటే కాళ్ళు రావడం లేదు. పిన్నిగారు అదే షాపులో, ఈ చూపుల మధ్యే, రెండేళ్ళు కూరలు కొనుక్కుంది, నాకు బదులు.